అడుగు మందం గిన్నెలు

డీసెన్, మే

అమ్మమ్మా,

ఎలా ఉన్నావో రాయమన్నావు కదా. నిల్చుని ఉన్నాను. ఈ కుండల సంతలో పొద్దున్నుంచీ నిల్చునే ఉన్నాను. వెనకాల కుర్చీ ఉంది, కానీ కూర్చోకూడదట. "కూర్చున్నవాళ్ళ దగ్గర జనానికి బేరమాడాలనిపిస్తుంది, నిల్చున్నవాళ్ళ దగ్గర సిగ్గేస్తుంది" అంటుంది పెద్దమ్మ. ఈ ఏడాది నా చదువు ఇదీ.

అమ్మ మాంట్రియల్ ఉద్యోగానికి పోతూ, "ఒక్క ఏడాది మా అక్క దగ్గరుండు, కష్టం అంటే ఏంటో తెలుస్తుంది" అంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నా ఇంగ్లీష్ బడిలో చర్చల్లో ఎలా గెలవాలో నేర్పారు. ఇక్కడ దానితో పనే లేదు. ఇక్కడికొచ్చేవాళ్ళతో ఎవరూ గెలవలేరు.

వీళ్ళని నువ్వు చూడాలి. ఒకావిడ ఖాళీ కప్పు పట్టుకుని, చిటికెనవేలు పైకి లేపి, లేని కాఫీ తాగి, "ఉహూ" అని పెట్టేసింది. ఇంకొకాయన పుచ్చకాయని కొట్టినట్టు జగ్గుని వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏం వినపడిందో! ఒకళ్ళు "కాస్త వంకరగా ఉంది, తగ్గించు" అంటారు. వెనకాలే ఇంకొకళ్ళు "మరీ సరిగ్గా ఉందే, నిజంగా చేత్తోనే చేశారా?" అంటారు. ఇంత చేసి అందరూ అడిగేది ఒకటే, గిన్నెలు కడిగే మిషన్‌లో వెయ్యొచ్చా అని. "వెయ్యొచ్చు. మీక్కూడా అందులో చోటుంటుంది" అన్నాను ఒకాయనతో. పెద్దమ్మ నా కాలు తొక్కింది.

పక్క స్టాల్ ఆన్స్‌గార్‌ది. తోలు కోటు, బొడ్డు దాకా గడ్డం. మట్టికి ఆత్మ ఉంటుందట, ఆయన దాంతో మాట్లాడతాడట. ఆ మాటల తర్వాత బయటికొచ్చేవి మాత్రం ఏనుగు పాదాల్లా ఉంటాయి. వాటికి ఎగబడతారు జనం. సంతల్లో ఎవరికి చోటివ్వాలో తేల్చే కమిటీకి పెద్ద కూడా ఆయనే. అందుకని అందరూ ఆయన జోకులకి నవ్వుతారు. పెద్దమ్మ కూడా. అది చూడలేకపోయాను.

మైదానం మధ్యలో చెక్కబల్లలతో వేదిక కట్టి, దాని మీద కుమ్మరి సారె పెట్టారు. స్టాల్ ఉన్నవాళ్ళంతా వంతులవారీగా ఎక్కి, జనం ముందు ఒక కుండ చెయ్యాలి. పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు నడుం నొప్పి అని వెళ్ళలేదు.

నీకు ఫోన్ చేస్తే నీకు వినపడదు, నేను అరిస్తే పెద్దమ్మకి వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరాలు. నీకు రాస్తున్నానని ఆవిడకి తెలీదు. ఎర్లెన్‌బాఖ్‌లో మన సందు చివర పోస్టు డబ్బా తెరిచేది నేనే కాబట్టి భయం లేకుండా రాయి. నీ పేరెత్తితే ఇప్పటికీ మొహం గోడకి తిప్పుతుంది. ఆవిడ మొదటి సంతలో నువ్వు అందరి ముందూ ఆవిడ గిన్నె తిరగేసి "ఇందులో కుక్క కూడా తినదు" అన్నావట. నిజమేనా?

రీకె

*

కోబ్లెంజ్, మే ఆఖరు

ఒసేయ్ రీకె,

నిజమే. కుక్క తినదనే అన్నాను. తింటే దాని పళ్ళు ఊడతాయని కూడా అన్నాను, అది నీకు చెప్పలేదా? నేను చెప్పింది గిన్నె గురించి. మీ పెద్దమ్మ తన గురించి అనుకుంది. ఇన్నేళ్ళుగా మూతి ముడుచుక్కూర్చుంది. ఆ పట్టుదల మట్టి మీద పెట్టుంటే ఈ పాటికి దేశంలో పేరున్న కుమ్మరి అయ్యేది.

నేను బాగున్నాననే అంటున్నారు ఇక్కడ. ఈ వృద్ధాశ్రమంలో పొద్దున తొమ్మిదింటికి పిల్లల పాటలు పాడిస్తారు. చెవుడు వల్ల నాకున్న లాభం అదొక్కటే. సూప్ తెల్ల పింగాణీ బొచ్చెల్లో పోస్తారు. అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఒక్కదానికీ మొహం లేదు. పక్క కుర్చీ ముసలాయన నన్ను "కళాకారిణి గారూ" అంటాడు. నలభయ్యేళ్ళు ఊరగాయ జాడీలు చేశానయ్యా అంటే నవ్వుతాడు. దద్దమ్మ.

ఆ ఆన్స్‌గార్ నాకు తెలుసు. మా కుండల ఆవం దగ్గరికి పని నేర్చుకుంటానని వచ్చినవాడే. ఒక చలికాలం కట్టెలు మోసి, గడ్డం పెంచడం నేర్చుకుని పోయాడు.

ఇక అసలు సంగతికి రా. మీ పెద్దమ్మకి నడుం నొప్పి ఏంటి? మా వంశంలో ఎవరికీ నడుం నొప్పి లేదు. మాకు పోతే చేతులు పోతాయి. కాఫీ కెటిల్ ఏ చేత్తో ఎత్తుతోంది? ఒక చేత్తోనా, రెండు చేతులతోనా? గుండీలు తనే పెట్టుకుంటోందా? చూసి రాయి. నాకు కథలు చెప్పకు, నేను మీ అమ్మని కాదు.

అమ్మమ్మ

*

బ్యుర్గెల్, జూన్

అమ్మమ్మా,

రెండు చేతులతో. గుండీలు నేనే పెడతాను.

ఇది చదివాక చింపెయ్. ప్లీజ్. ఆ కళాకారిణి ముసలాయనకి కూడా చూపించకు.

ఫిబ్రవరిలో నేను వచ్చేసరికే పెద్దమ్మ కుడి బొటనవేలు అయిపోయింది. మొదట్లో ఉండే కీలు అరిగిపోయిందట. ఇంక సారె మీద కూర్చోవద్దని డాక్టర్ చెప్పాడు. సారె మధ్యలో మన్నుని కుదురుగా నిలబెట్టాలంటే బొటనవేలితో ఎంత నొక్కాలో నీకు తెలుసు. మన్ను ఇటు ఊగుతుంది, అటు ఊగుతుంది, పెద్దమ్మ బూతులు తిడుతుంది, మన్ను ఎగిరి గోడకి తగులుతుంది. నేను వచ్చిన వారం గోడంతా అవే మచ్చలు.

నేను చిన్నప్పుడు ప్రతి సెలవులకీ పెద్దమ్మ దగ్గరే ఉండేదాన్ని కదా. చిన్న గిన్నెలు చెయ్యడం వచ్చు. ఒక పొద్దున ఊరికే కూర్చుని ఒకటి చేశా. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. మర్నాడు పొద్దున నా కోసం మన్ను పిసికి ముద్దలు చేసి పెట్టి ఉంది. అంతే. అప్పట్నుంచి ఇంతవరకు దాని గురించి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మా స్టాల్‌లో జగ్గులు, కప్పులు పోయినేడాదివి, పెద్దమ్మవే. గిన్నెలన్నీ నావి. అడుగున మాత్రం పెద్దమ్మ గుర్తు, పిచ్చుక ముద్ర.

ఇది తప్పు. స్టాల్ ఎవరిదో వాళ్ళ చేత్తో చేసిన సరుకే అమ్మాలి. పని నేర్చుకునేవాళ్ళుంటే వాళ్ళ పేరు బోర్డు మీద రాయాలి. రాయకుండా దొరికితే ఒక్క సంత కాదు, అన్ని సంతలూ పోతాయి. సంతలు పోతే పెద్దమ్మకి ఇంకేమీ లేదు. ఆవం అమ్మాలి, ఇల్లు కూడా. నేను ఫ్రాంక్‌ఫర్ట్ హాస్టల్‌కి పోవాలి.

బోర్డు మీద నా పేరు రాసెయ్యొచ్చు కదా అని ఒకసారి వ్యాన్‌లో అన్నాను. పెద్దమ్మ రోడ్డు పక్కన బండి ఆపేసింది.

"రాస్తే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పమంటావు? నా చెయ్యి చచ్చిందని చెప్పనా? ఆన్స్‌గార్ గాడికి? వాడొచ్చి నా భుజం మీద చెయ్యేసి 'పాపం ఇర్మెలా' అంటే నేనక్కడే చస్తాను."

"మరి దొరికిపోతే?"

"నువ్వు నోరు మూసుకుంటే దొరకం."

మూసుకున్నాను అమ్మమ్మా. రోజంతా మూసుకునే ఉన్నాను. ఎవరైనా గిన్నె తిరగేసి పిచ్చుకని చూస్తే చాలు, బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగిపోతాను. ఇవాళ ఒకావిడ "అబ్బ, ఎంత అనుభవం ఉన్న చేతులో!" అంది. నా చేతులు వెనక్కి పెట్టేసుకున్నా. గోళ్ళలో మట్టి ఉంది.

ఇక్కడ కూడా పెద్దమ్మ సారె ఎక్కలేదు. ఈసారి పంటి నొప్పి.

రీకె

*

కోబ్లెంజ్, జులై

రీకె,

చింపలేదు. చదువుకోడానికి ఇక్కడ మంచిదేదీ దొరకదు.

మీ ఇద్దరికీ కలిపి ఒక కోడికున్నంత బుర్ర ఉంది. నడుం నొప్పి, పంటి నొప్పి, ఇంకేం మిగిలింది? కాన్పు నొప్పులా? కుండల సంతకి వచ్చే జనం గుడ్డివాళ్ళే, ఒప్పుకుంటా. పక్క స్టాళ్ళ వాళ్ళు కుమ్మర్లు. వాళ్ళకి కళ్ళున్నాయి.

ఒక మాట విను. నీ గిన్నె ఒకటి తీసుకుని, పచ్చిగా ఉండగానే తీగతో నిలువునా రెండు ముక్కలు కొయ్యి. కోసినచోట చూడు. అంచు సన్నగా, అడుగు రొట్టెముక్కంత మందంగా ఉంటుంది. కొత్తవాళ్ళందరికీ అంతే. అడుగు దాకా నొక్కడానికి భయం, చిల్లు పడుతుందని. మీ పెద్దమ్మ చేతిలో పై నుంచి కింద దాకా ఒకటే మందం. ఆ పని నేను నేర్పాను, అది ఆవిడకి ఇష్టం లేకపోయినా సరే. పై నుంచి చూస్తే కుండ ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది. పగిలితే ఆడదు.

బోర్డు మీద నీ పేరు రాయండి. నేను చెప్పానని చెప్పకు. చెప్తే అందుకోసమే రాయదు.

అమ్మమ్మ

*

ఓల్డెన్‌బర్గ్, ఆగస్టు

అమ్మమ్మా,

కోశాను. రొట్టెముక్కే. నీ మాట నిజమైనందుకు నీ మీద కోపమొచ్చింది.

బోర్డు గురించి అడగలేదు. అడుగుదామనుకున్న రోజే ఇది జరిగింది.

నిన్న సాయంత్రం సర్దుకుంటుంటే ఆన్స్‌గార్ వచ్చాడు. గిన్నెల వరస ముందు నిలబడ్డాడు. ఒకటి తీశాడు, చేత్తో బరువు చూశాడు. నవ్వాడు.

"ఇర్మెలా, ఇవన్నీ నాకు కావాలి."

"ఎన్ని?" అంది పెద్దమ్మ.

"అన్నీ. పెట్టెతో సహా ఇచ్చెయ్."

బేరమాడలేదు. ఆయన! ఎవరి వస్తువూ కొనడు ఆయన, చూస్తేనే కళ్ళు పాడవుతాయన్నట్టు తల తిప్పుకుని పోతాడు. అలాంటివాడు మా గిన్నెలన్నీ భుజాన వేసుకుని పోయాడు. పోతూపోతూ, "సెప్టెంబర్‌లో మా అమ్మాయి థేడా పెళ్ళి. ముందురోజు సాయంత్రం అందరూ వస్తున్నారు. నువ్వూ ఈ పిల్లా రావాలి" అన్నాడు.

పెద్దమ్మ వ్యాన్‌లో పాట పాడింది. ఆవిడ పాడగా నేనెప్పుడూ వినలేదు, ఇకపై వినాలని కూడా లేదు. "చూశావా, వాడికీ తెలుసు ఏది మంచి సరుకో" అంటోంది. "మన గిన్నెలు" అంది. ఒక్కసారి పొరపాటున అంది, వెంటనే కిటికీలోంచి చూసింది.

నాకు మాత్రం ఆ సంతోషం లేదు. ఆయన ఎందుకు కొంటాడు? అనుమానం వచ్చే కొన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి కోసి చూస్తాడు. నవంబర్‌లో కమిటీ కూర్చుంటుంది, ఆ బల్ల మీద నా గిన్నె పెడతాడు. నేను రాత్రంతా అదే ఆలోచించాను. పెద్దమ్మకి చెప్పలేదు. ఆ పాట విన్నాక ఎలా చెప్పను?

రీకె

*

ఎర్లెన్‌బాఖ్, సెప్టెంబర్

అమ్మమ్మా,

పెద్దమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో తిట్టకు.

ఆన్స్‌గార్ ఇంటి వాకిలికి మేం వెళ్ళేసరికి ఇంకా వెలుగుంది. పెళ్ళి ముందురోజు వాకిట్లో కుండలు పగలగొడితే కొత్త జంటకి మంచిదని అందరూ చేసేదే కదా, కానీ కుమ్మరి ఇంట్లో అది వేరేలా ఉంది. వచ్చిన కుమ్మర్లంతా ఆ ఏడాది తమ చేతిలో చెడిన సరుకంతా పెట్టెల్లో తెచ్చుకున్నారు. బీటలు వేసినవి, పూత కారిపోయినవి, మూత పడనివి. ఒక్కొక్కళ్ళు ముందుకొచ్చి, "ఇదిగో నా గొప్పతనం!" అని అరిచి, నేలకేసి కొట్టడం. అందరూ కేకలు. నాకు కూడా నచ్చింది అమ్మమ్మా, ఒక్క పావుగంట.

పెద్దమ్మ బంగాళదుంపల సలాడ్ చేసి తెచ్చింది. పెద్ద గిన్నె. వేళ్ళతో పట్టుకోలేదు కాబట్టి రెండు మోచేతుల మధ్య పసిపిల్లలా గుండెకి ఆనించి పట్టుకుంది.

ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చారు, పెళ్ళికొడుకు ఆఫీసు వాళ్ళు. వాళ్ళ దగ్గర పగలగొట్టడానికేమీ లేదు. అప్పుడు ఆన్స్‌గార్ గేటు పక్కనున్న గుడ్డ లాగాడు. దాని కింద మా పెట్టె.

"చేతులూపుకుంటూ వచ్చినవాళ్ళంతా ఇటు రండి! తలా ఒకటి తీసుకోండి. ఇర్మెలా గిన్నెలు. అన్నం తినడానికి పనికిరావు గానీ, చప్పుడు మాత్రం బ్రహ్మాండం!"

అందరూ నవ్వారు. మనవాళ్ళే. ఆవిడ పక్కన ఏళ్ళ తరబడి స్టాల్ పెట్టినవాళ్ళే. పెద్దమ్మ సలాడ్ పట్టుకుని నిలబడింది. అది ఎక్కడ పెట్టాలో కూడా ఎవరూ చెప్పలేదు. టై కట్టుకున్నవాడొకడు మొదటిది కొట్టాడు. నిజంగానే చప్పుడు బాగుంది. తర్వాత రెండోది, మూడోది. నా వేలి గుర్తులున్న గిన్నెలు.

నాకు కోపం రావాలి కదా? రాలేదు. భయమేసింది. పెంకులు వెల్లకిలా పడి ఉన్నాయి, పగిలిన అంచులు పైకి. సన్నటి అంచు, మందం అడుగు. చుట్టూ నలభై మంది కుమ్మర్లు. నువ్వు రాసిన మాటే చెవిలో మోగుతోంది, పగిలితే అబద్ధం ఆడదని. గోడకి చీపురు ఆనించి ఉంది. తీసుకుని ఊడవడం మొదలుపెట్టా.

ఒక్కసారిగా అందరూ ఆగిపోయారు. తర్వాత థేడా పడీపడీ నవ్వింది.

"ఏయ్ పిల్లా, ఆ చీపురు నాది! నా మొగుణ్ణి కూడా నీకే ఇచ్చెయ్యమంటావా?"

పెంకులు ఊడ్చేది కొత్త జంటే, ఇంకెవరూ ముట్టుకోరాదని నాకు తెలీదా? చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ నేను ఆపలేదు. వంగి, పెంకులన్నీ నా ఏప్రన్‌లో వేసుకుంటున్నాను. మావి మాత్రమే. ఏరి ఏరి.

ఆన్స్‌గార్ నవ్వు ఆగిపోయింది. నా ముందు నుంచే వంగి ఒక పెంకు తీశాడు. పగిలిన అంచు మీద బొటనవేలు పెట్టి పై నుంచి కిందికి నడిపాడు. అడుగు దగ్గర ఆగాడు. నా చేతులు చూశాడు. తర్వాత పెద్దమ్మ వైపు చూశాడు, ఆవిడ సలాడ్ పట్టుకున్న తీరు వైపు. పెంకు కోటు జేబులో వేసుకున్నాడు.

ఆయనకి అంతకు ముందు ఏమీ తెలీదు అమ్మమ్మా. ఊరికే చప్పుడు కోసం కొన్నాడు. నేనే చెప్పేశాను.

రీకె

*

కోబ్లెంజ్, సెప్టెంబర్

రీకె,

తిట్టొద్దన్నావు. సరే. చీపురు పట్టుకున్న గాడిదని నేనింతవరకు చూళ్ళేదు, అని మాత్రం అంటాను.

ఇక ఏడుపు ఆపు. నలభై మంది కుమ్మర్లని నీకు భయం కదా? వాళ్ళల్లో ఒక్కడూ ఒక ఆడమనిషి నెత్తిన పేడ పోస్తుంటే "ఇది బాలేదు" అని అనలేదు. తిని, తాగి, నవ్వారు. అలాంటివాళ్ళ మెప్పు కోసం మీ పెద్దమ్మ చెయ్యి దాచుకుంటోంది. వాళ్ళు ఉమ్మేయడానికి కూడా పనికిరారు. ఇది ఆవిడకి చెప్పు. వద్దు, చెప్పకు. నేనన్నానని తెలిస్తే వాళ్ళందర్నీ భోజనానికి పిలుస్తుంది.

వాడు జేబులో పెట్టుకున్నాడంటే వాడుకుంటాడు. వాడు తీసేలోపు మీరే చెప్పాలి. ఎవరు చెప్తారో మీరు తేల్చుకోండి.

అమ్మమ్మ

*

ఎర్లెన్‌బాఖ్, అక్టోబర్

అమ్మమ్మా,

అంతా బాగానే ఉంది. వానలు పడుతున్నాయి. ఆవం రెండుసార్లు కాల్చాం. క్రిస్మస్ సంతకి వస్తువులు రెడీ చేస్తున్నాం. పెద్దమ్మ బాగుంది. ఇంకేమీ విశేషాలు లేవు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

రీకె

*

కోబ్లెంజ్, నవంబర్

రీకె,

ఇలాంటి ఉత్తరం మీ అమ్మ రాస్తుంది నాకు, ప్రతి పుట్టినరోజుకీ. నువ్వు రాయకు.

అమ్మమ్మ

*

ఎర్లెన్‌బాఖ్, నవంబర్

సరే, వినండి మహాప్రభో.

కమిటీ కూర్చుంది. మమ్మల్ని తీసెయ్యలేదు. అంతకన్నా ఘోరం చేశాడు. కార్డు పంపాడు: "ప్రియమైన ఇర్మెలా, ఈ ఏడాది నీ వంతు ప్రతిచోటా తప్పిపోయింది. నీ పని చూడాలని అందరికీ ఆత్రంగా ఉంది. ఫుల్డా క్రిస్మస్ సంతలో మొదటి రోజు, మొదటి వంతు నీకే ఇచ్చాం. ఆ తర్వాతే వచ్చే ఏడాది చోట్లు తేలుస్తాం." కింద నవ్వుతున్న మట్టిముద్ద బొమ్మ కూడా వేశాడు. గడ్డం ఉన్నవాడు నవ్వుతున్న ముద్ద బొమ్మ వేశాడంటే అసహ్యం వేస్తుంది కదా?

పెద్దమ్మ కార్డు చదివి పొయ్యిలో పడేసింది. "వెళ్తాను" అంది. అంతే. ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి సారె మీద కూర్చుంటోంది. తలుపు గడియ పెట్టుకుంటుంది. నాకు గోడకి మన్ను తగిలే చప్పుడు వినపడుతుంది. తర్వాత బయటికొచ్చి నొప్పి తగ్గడానికి బొటనవేలికి క్యాబేజీ ఆకు చుట్టుకుని, నా వైపు చూడకుండా రొట్టె తింటుంది.

నేను చెప్పేస్తానని రోజూ అనుకుంటున్నా. ఇంగ్లీష్‌లో, జర్మన్‌లో, వాక్యాలు కూడా తయారుచేసుకున్నా. నోరు తెరిస్తే "ఉప్పు ఇటు ఇవ్వు" అనే వస్తోంది.

భయంగా ఉంది అమ్మమ్మా. నిజంగా.

రీకె

*

ఫుల్డా, డిసెంబర్

అమ్మమ్మా,

వ్యాన్‌లో కూర్చుని రాస్తున్నా. వేళ్ళు గడ్డకట్టాయి, అక్షరాలు నీకు అర్థం కాకపోతే నా తప్పు కాదు.

జనం అంటే ఎలాంటి జనం అనుకున్నావు! ఒక చేతిలో వేడి ద్రాక్షసారా, ఇంకో చేతిలో సాసేజ్. కుండలు చూడ్డానికి రాలేదు, వెచ్చగా నిలబడ్డానికి వచ్చారు. ముందు వరసలో ఆన్స్‌గార్, చేతులు కట్టుకుని. పక్కనే కమిటీ వాళ్ళు. మైకులో ఒకాయన "ఇర్మెలా గారు, ఎర్లెన్‌బాఖ్ నుంచి!" అన్నాడు. చప్పట్లు, సాసేజ్ పట్టుకుని కొడితే ఎలా ఉంటాయో అలా.

పెద్దమ్మ ఎక్కింది. ఏప్రన్ ముడి నేనే వేశాను. కూర్చుంది, చేతులు తడుపుకుంది, మన్ను ముద్ద సారె మీద పడేసింది. తిప్పింది. నొక్కింది.

ముద్ద ఊగింది. ఆవిడ మళ్ళీ నొక్కింది. పెదాలు తెల్లగా అయిపోయాయి. ముద్ద ఇంకా ఊగింది. వెనకాల ఎవడో "మా ఆవిడ కూడా చెయ్యగలదు రా ఇంతమాత్రం" అన్నాడు, ఇద్దరు నవ్వారు. ఆన్స్‌గార్ నవ్వలేదు. ఆయన ముఖంలో జాలి. జాలి అమ్మమ్మా! నేను చూసినవాటిల్లోకెల్లా నీచమైనది అది. "పాపం" అనే మాట ఆయన నోట్లో సిద్ధంగా ఉంది, ఇంక తెరవడమే తరువాయి.

వేదిక మీదికి ఎలా ఎక్కానో తెలీదు.

"పెద్దమ్మా, లే."

"పో ఇక్కణ్ణుంచి." పళ్ళు బిగపట్టి అంది.

"లే. ఏడాదంతా ఆ గిన్నెలు నేనేగా చేశాను. ఇది కూడా నేనే చేస్తాను."

మైకాయన మా పక్కనే ఉన్నాడని నేను చూసుకోలేదు. ఆ మాట చౌరస్తా అవతలి చర్చి దాకా వినపడింది.

పెద్దమ్మ నన్ను చూసింది. కొడుతుందనుకున్నా. కొట్టుంటే బాగుండేది, అంతసేపు చూసింది. తర్వాత లేచింది. చేతులు తుడుచుకోకుండా పక్కన నిలబడింది. నేను కూర్చున్నా. సాసేజ్ తినేవాళ్ళు కూడా నమలడం ఆపేశారు. నేను మన్ను మీద చేతులు పెట్టా, మోచేతులు గాలిలో, నీళ్ళు కుమ్మరించేస్తున్నా.

అప్పుడు, నా నెత్తి మీద:

"మోచెయ్యి తొడకి ఆనించు, గాడిదా! ఎగిరిపోదామనుకుంటున్నావా? నీళ్ళు తగ్గించు, అందులో చేపల్ని పెంచుతావా ఏంటి? ఇంగ్లీష్ బడిలో వీపు నిటారుగా పెట్టడం నేర్పలేదా? నొక్కు! అడుగు దాకా నొక్కు! చిల్లు పడితే పడనీ, నీ తల కన్నా పెద్ద చిల్లేం కాదు!"

మైకులో అంతా. ఫుల్డా మొత్తం విన్నది. ఆన్స్‌గార్ ఒక అడుగు ముందుకేశాడు, "ఇర్మెలా, పాపం నువ్వు…" అంటూ. పెద్దమ్మ తల కూడా తిప్పలేదు.

"ఆన్స్‌గార్, నోరు మూసుకో. పిల్లకి పని నేర్పుతున్నాను, కనపడ్డం లేదా? నా బొటనవేలు పోయింది. నోరు పోలేదు. నీకూ నేర్పుదును గానీ, నీకు నేర్పడం మా అమ్మ వల్లే కాలేదు."

అవును, "మా అమ్మ" అంది. నీ గురించి. మొహం తిప్పకుండా.

సాయంత్రం కమిటీ వాళ్ళు పిలిచారు. గంట అరిచారు. ముందే చెప్పనందుకు శిక్ష ఉండాల్సిందేనన్నారు. చివరికి వచ్చే ఏడాది బోర్డు మీద రెండు పేర్లు రాయాలని, ప్రతి సంతలోనూ మా చోటు మరుగుదొడ్ల పక్కనేనని తేల్చారు. పెద్దమ్మ "మంచిది, జనం ఎలాగూ అటే వస్తారు" అంది. అమ్మకి ఫోన్ చేసి, నేను వచ్చే ఏడాది కూడా బడికి వెళ్ళట్లేదని చెప్పాను. అమ్మ చాలాసేపు ఇంగ్లీష్‌లో అరిచింది. నేను ఫోన్ కొంచెం దూరంగా పట్టుకున్నా.

పెద్దమ్మ ఇప్పుడు బయట స్టాల్ మీది పెద్ద గొడుగు ముడుస్తోంది. ఒక చేత్తో. సాయం చెయ్యనా అంటే "కూర్చుని రాసుకో ఆ ముసలిదానికి" అంది. ఎప్పట్నుంచి తెలుసో చెప్పలేదు.

రీకె

*

కోబ్లెంజ్, డిసెంబర్

ఒసేయ్ మొద్దూ,

నాలుగు పేజీలు రాశావు. సాసేజ్ గురించి రాశావు, మరుగుదొడ్ల గురించి రాశావు, వాడెవడో గడ్డంగాడి మొహం ఎలా ఉందో రాశావు. అసలు అడగాల్సిన ఒక్క ముక్క లేదు అందులో. ఇంగ్లీష్ చదువు అంటే ఇదేనా?

గిన్నె నిలబడిందా, లేదా?

అమ్మమ్మ

*

ఎర్లెన్‌బాఖ్, డిసెంబర్

అమ్మమ్మా,

మొదటిది కూలిపోయింది. చిల్లు పడింది, అడుగున. రెండోది కూడా.

అప్పటికి జనం సగం వెళ్ళిపోయారు. మైకాయన తర్వాతి పేరు చదివేశాడు. "చాలు, దిగు" అంది పెద్దమ్మ, "నవ్వుతున్నారు."

నేను దిగలేదు. ఇంకో ముద్ద తీసుకున్నా.

రీకె